రుచి చెప్పే మనిషి

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మా ఇంట్లో ఆ సామెత చెల్లలేదు. మా వదినకు పూర్తి మొగుడే భయపడేవాడు, ఇక అర్ధమొగుడిని లెక్కచేసేదెవరు?

మనిషి నిండుగా ఉండేది. నోరు అంతకంటే నిండుగా ఉండేది. వీధి చివర కూరగాయలమ్మేవాళ్ళు చాటుమాటుగా ఆవిడను బస్తా అనుకునేవాళ్ళు. ఒకరోజు ఆ మాట ఆవిడ చెవిన పడింది. "బస్తానే. బస్తాలో సరుకుంది. నీ సంచీలో గాలి కూడా లేదు," అని, కొన్న ఉల్లిపాయలు అక్కడే వదిలేసి వచ్చేసింది. ఆ సంగతి తలుచుకుని మా అన్నయ్య సాయంత్రం దాకా మిషను తొక్కుతూ నవ్వుతూనే ఉన్నాడు.

అన్నయ్య దర్జీ. కింద గది కొట్టు, పైన రెండు గదులు ఇల్లు. నా పెళ్ళి పెటాకులై తిరిగొచ్చినప్పటి నుంచి నేను కింద గుండీలు, హుక్కులు కుడుతున్నాను, పైన తింటున్నాను. అన్నయ్య నోట్లో నాలుక లేని మనిషి. కొలతలు తీసేటప్పుడు ఎదుటివాడు నొచ్చుకుంటాడేమోనని నడుము కొలత పైకి చదవడు కూడా. గుర్తు పెట్టుకుని మౌనంగా రాసుకుంటాడు.

వదినకు మోకాళ్ళు పోయాయి. కొట్టు నుంచి మెట్లెక్కి పైకి రావాలంటే మధ్యలో కూర్చోవలసి వచ్చేది. పడుకుంటే ఊపిరి ఆడక లేచి గోడకు ఆనుకుని నిద్రపోయేది. పొట్ట కోసి చిన్నది చేసే ఆపరేషను ఉందని, అది చేయించుకోకపోతే గుండె ఎక్కువ కాలం లాగదని డాక్టరు చెప్పాడు. అన్నయ్య ముఖం పాలిపోయింది. వదిన మాత్రం, "కోసెయ్యండి, ఇన్నాళ్ళూ నేను కోసినవాటి ఉసురు తీరుతుంది," అంది. ఆపరేషను బల్ల ఎక్కేదాకా ఆవిడ హాస్యం తగ్గలేదు.

దిగాక తగ్గింది.

మొదట్లో వడకట్టిన నీళ్ళే. తర్వాత మెత్తగా చేసిన ముద్దలు, అవీ చంటిపిల్లల చెంచాతో. నోట్లో పెట్టుకున్నది నీళ్ళయ్యేదాకా నమలాలి. తినేటప్పుడు మంచినీళ్ళు తాగకూడదు. తాగాలంటే ముందో వెనకో కాసేపు ఆగాలి. ముద్ద కాస్త పెద్దదైతే గుండెల మీద రాయి పెట్టినట్టు కూర్చుండిపోయి, ఆపైన తొట్టి దగ్గరికి పరిగెత్తి కక్కేసేది. ఒకసారి పంచదార వేసిన పాలు ఇంత తాగి, చెమటలు పట్టి, గుండె దడదడలాడి నేల మీదే పడుకుంది. తిండితో ఇన్నాళ్ళూ చెలిమి చేసిన మనిషి దానిని శత్రువును చూసినట్టు చూడడం మొదలుపెట్టింది. చూడలేకపోయేదాన్ని.

పొట్ట చిన్నదయింది కానీ, వడ్డించే చేతికి ఎవరూ ఆపరేషను చెయ్యలేదు. ఆవిడ చేతికి ముందునుంచీ ఎముక లేదు. ముగ్గురికి వండమంటే ఆరుగురికి వండేది. అందులో నలుగురి పాలు తనే తినేది కనుక అప్పట్లో ఏదీ మిగిలేది కాదు. ఇప్పుడూ అంతే వండేది. వండి, మా ఎదురుగా కూర్చుని, చంటిపిల్లల చెంచా చేత్తో పట్టుకుని మా కంచాలు చూసేది.

ఒక సాయంత్రం చెంచా బల్ల మీద పెట్టేసింది. "మట్టి తిన్నట్టుంది. ఇంకెప్పటికీ ఇంతేనేమో," అని ఏడ్చింది. వదిన ఏడవగా నేను చూడడం అదే మొదటిసారి. అన్నయ్యకు ఓదార్చడం చేతకాదు. గాభరాపడి, కంచంలో ఉన్న చేపముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాడు.

"అంచులు కరకరలాడుతున్నాయి," అన్నాడు. "లోపల మెత్తగా ఉంది. మిరియం ముందు తెలియలేదు, ఇప్పుడిప్పుడు గొంతులో తెలుస్తోంది."

వదిన ఏడుపు ఆపి ఆయన నోటివంక చూసింది. "ఉప్పో?"

"ముక్కకు పట్టింది. పైపైన లేదు."

ఆవిడ చెంచా తీసుకుని తన ముద్దలోంచి ఇంత నోట్లో వేసుకుంది. ఆయన నమిలినంతసేపూ తనూ నమిలింది. ఆ పూట ఆవిడకు వాంతి కాలేదు.

అలా మొదలైంది. రోజూ అన్నయ్య తినాలి, రుచి చెప్పాలి, అప్పుడు వదిన తింటుంది. ఆయన నోరు విప్పకపోతే ఆవిడ చెంచా కదలదు. మాటలు రాని మా అన్నయ్య ఎక్కడెక్కడి మాటలో వెతుక్కునేవాడు. "ఈ మాంసం పాత ఉన్నికోటులా ఉందే, ఇంకో ఉడుకు రావాలి," అన్నాడొకసారి. ఆపరేషను తర్వాత వదిన నవ్వింది అప్పుడే. ఆ నవ్వు కోసం ఆయన గడ్డి పెట్టినా తినేవాడు. కానీ ఆవిడ గడ్డి పెట్టలేదు. ఇవాళ వేపుడు, రేపు నేతిలో వేయించిన రొట్టె, ఎల్లుండి తీపి. ఒకటి చెప్పాక ఇంకోటి, ఇంకో ముద్ద, ఇంకో గరిటె.

అన్నయ్యకు అప్పటికే షుగరుంది. మాత్రలు కొట్టులో దారపుకండెల డబ్బాలో ఉండేవి. నేను అడిగితే, "వేసుకుంటున్నాలే," అని నీళ్ళు నమిలేవాడు.

వదిన తగ్గింది. ఎంత తగ్గిందంటే, ఆవిడ గౌన్లను అన్నయ్య మాటిమాటికీ పక్కలు విప్పి లోపలికి కుట్టవలసి వచ్చేది. కొట్టుకొచ్చిన ఆడవాళ్ళు, "ఎంత బాగున్నారండీ," అనేవాళ్ళు. గడప దాటాక వాళ్ళే, "పాపం ఏం రోగమో," అనుకునేవాళ్ళు. ఆవిడ జుట్టు దువ్వెనకు ఉండలు ఉండలుగా వచ్చేది. చేతుల కింద చర్మం ఖాళీ జోలెలా వేలాడేది. మెట్లు మాత్రం చకచకా ఎక్కేది. దానికి నేను సంతోషించాను, అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఒకరోజు హుక్కులు కుట్టవలసిన బట్టల్లో అన్నయ్య ప్యాంటు కనబడింది. దర్జీలకు ఒక అలవాటుంది. మంచి దర్జీ వెనక నడుం దగ్గర, లోపలి కుట్టులో రెండు వేళ్ళ గుడ్డ వదిలి కుడతాడు. మనిషికి ఒళ్ళొస్తే విప్పి వదులు చేసుకోవచ్చని. ఆ ప్యాంటులో ఆ గుడ్డ మొత్తం అయిపోయింది. అది చాలక, వెనక వేరే గుడ్డముక్క అతికి ఉంది. అదే రంగు, అదే నేత, కుట్టు కనబడనంత సన్నంగా. మిగతా ప్యాంట్లు తీసి చూశాను. అన్నీ అంతే.

ఎవరికైనా ఒళ్ళొస్తే ఆ సంగతి ముందు బట్టలు చెబుతాయి. గుండీ పట్టదు, నడుము కోసుకుంటుంది, ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. మా అన్నయ్య బట్టలకు ఆ అవకాశమే ఇవ్వలేదు. బిగియకముందే విప్పి కుట్టేసుకున్నాడు. ఒంటిమీద ఎప్పుడు చూసినా కొలిచినట్టే ఉండేవి. అద్దంలో తను తగ్గడమే చూసుకుంటున్న వదినకు ఎదురుగా మనిషి పెరగడం కనబడలేదు. రోజూ పక్కనే కూర్చుని కుట్టే నాకే కనబడలేదు, ఆవిడనేం అనను?

అయినా అన్నాను. ప్యాంటు తీసుకెళ్ళి వంటింట్లో పొయ్యి పక్కన పెట్టాను.

"ఏంటిది?" అంది వదిన.

"నువ్వు వండినదంతా ఎక్కడికి పోతోందో చూడు. నీ పొట్టలోంచి తీసి ఆయన పొట్టలో పెడుతున్నావు. షుగరున్న మనిషి వదినా. చంపేస్తావు."

ఆవిడ ఆ అతుకును వేలితో తడిమింది. ఆవిడ నాకు ఎదురుచెప్పకపోవడం ఆ ఇంట్లో అదే మొదలు. ఆ సాయంత్రం ఉడికించిన కూరగాయలు వడ్డించింది, ఉప్పు చల్లి. అన్నయ్య కంచంవంక చూసి, నావంక చూసి, తిన్నాడు.

"ఎలా ఉంది?" అంది.

"బాగుంది."

అంతకంటే ఏం చెబుతాడు? వదిన చెంచా పెట్టేసింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. బలవంతాన మింగినది బయటికి వచ్చేది. ఆ వారం దాటకుండానే మెట్ల మీద కళ్ళు తిరిగి పడింది. ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. ఒంట్లో కండ కరిగిపోతోందని, ఇలా తినకపోతే కొవ్వు తీసినా మనిషి దక్కదని డాక్టరు కేకలేశాడు.

అన్నయ్య నన్ను వరండాలోకి పిలిచాడు. "ఇకమీదట మా కంచాల జోలికి రాకు," అన్నాడు.

"నీ షుగరు సంగతేంటి అన్నయ్యా?"

"నాకు మాత్రలున్నాయి. మీ వదినకి ఏం మాత్రలున్నాయి చెప్పు."

"కొంచెం తిని ఎక్కువ చెప్పొచ్చుగా?"

"కొంచెం తింటే తనకి తెలిసిపోతుంది. నా గొంతు చూస్తూ కూర్చుంటుంది, చూశావుగా." ఆయన జీవితంలో నాతో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. "నేను తింటే బతుకుతుంది. తిననివ్వు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ వరండాలో నాకు తెలిసింది. ఇంటికొచ్చాక ఆవిడ తెలిసే వండింది, ఆయన తెలిసే తిన్నాడు. కొన్నాళ్ళు ఆవిడ చెయ్యి గరిటె దగ్గర తటపటాయించేది. అన్నయ్యే కంచం ముందుకు జరిపేవాడు. వాళ్ళిద్దరి మధ్య నేను పరాయిదాన్నయ్యాను. నా కంచం పట్టుకుని కిందికెళ్ళి మిషను పక్కన కూర్చుని తినేదాన్ని. కోపం, అసూయ, భయం, ఏ ముద్దతో ఏది మింగానో చెప్పలేను.

దర్జీ కొట్టులో నేల మీద గుండుసూదులు పడుతూనే ఉంటాయి. రోజూ అయస్కాంతంతో ఏరుతాను. ఏరినా ఒకటో రెండో మిగులుతాయి. అన్నయ్య మిషను ఎప్పుడూ ఒట్టికాళ్ళతోనే తొక్కుతాడు. చెప్పు ఉంటే మిషను వేగం అందదంటాడు. ఒకనాడు మధ్యాహ్నం తొక్కుడుపలక మీద ఎర్రగా మరక కనబడి, "అన్నయ్యా, నీ కాలు," అన్నాను. ఆయన కాలెత్తి, ఎవరో గిరాకీ కాలు చూసినట్టు చూశాడు. అరికాల్లో సూది తలదాకా దిగి ఉంది. చుట్టూ అప్పటికే నల్లగా అయింది. ఎప్పుడు దిగిందో ఆయనకు తెలియదు.

పసుపురంగు మందేదో రాసి, గుడ్డ చుట్టి, వదినకు చెప్పొద్దన్నాడు. నేను చెప్పాను. ఆసుపత్రికి లాక్కెళ్ళాం. వేళ్ళు తీశారు. తర్వాత పాదం తీశారు. విషం రక్తంలోకి ఎక్కిందన్నారు.

ఆసుపత్రిలో వదిన పొద్దున్నే గిన్నె పట్టుకొచ్చి మంచం పక్కన కూర్చునేది. అన్నయ్యకు గుటక పడడం లేదు, నోటితో ఏమీ పెట్టొద్దన్నారు. ఆవిడా ముట్టుకునేది కాదు. గిన్నె మూత తీయకుండా ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా ఉండేది. జ్వరం బాగా ముదిరిన రోజున అన్నయ్య కళ్ళు తెరిచి ఆవిడను చూశాడు. చూసి, ఖాళీ నోరు నెమ్మదిగా నమలడం మొదలుపెట్టాడు.

"మెత్తగా ఉడికింది," అన్నాడు. "ఉప్పు సరిపోయింది. నువ్వు తిను."

వదిన గిన్నె మూత తీసింది. చెంచా తీసుకుంది. ఆయన నమిలినంతసేపూ ఆయన నోటిని చూస్తూ తనూ నమిలి మింగింది. నాకు ఆ గిన్నె లాక్కుని కిటికీలోంచి విసిరెయ్యాలనిపించింది. చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను.

మర్నాడు అన్నయ్య పోయాడు.

వదిన మీద నాకు కోపం లేదంటే అబద్ధం. ఇప్పటికీ ఉంది. పొయ్యి వెలిగించడం మానేసి కిటికీ దగ్గర కూర్చున్న మనిషిని చూస్తూ, తినకు, నాకేమిటి, అని మనసులో అనుకుంటూ మెట్లెక్కాను, దిగాను. ఆవిడ గౌను భుజాల మీంచి జారిపోతున్నా లోపలికి కుట్టేవాడు లేడు. పెదవులు తెల్లబడ్డాయి. ఒకరోజు లేవబోయి గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏమైంది?" అని అడిగితే, "ఏం లేదమ్మా, కాళ్ళు గుర్తు రావట్లేదు," అంది.

ఆ సాయంత్రం నేనే వండాను. నాకు వంట రాదు. రెండు కంచాలు పెట్టి ఆవిడ ఎదురుగా కూర్చుని ఒక ముక్క నోట్లో వేసుకున్నాను.

"ఉడకలేదు," అన్నాను. "బయట మాడింది, లోపల పచ్చి. ఉప్పు వెయ్యడం మర్చిపోయినట్టున్నాను."

ఆవిడ నావైపు తిరిగింది. "కారమో?"

"ఒకచోట మండిపోతోంది, ఇంకోచోట అసలు లేదు."

"ఇంత వయసొచ్చింది, నీకు వంట రాలేదు," అని చెంచా తీసుకుంది.

మర్నాడు ఆవిడే లేచి పొయ్యి వెలిగించింది. ఇప్పుడు ఆవిడ పెదవుల్లో కాస్త రంగు వచ్చింది. డాక్టరు పరవాలేదన్నాడు. నన్ను కూడా ఒకసారి రక్తం చూపించుకోమన్నాడు, మా ఇంటి రక్తంలో షుగరుందట. ఇంకా వెళ్ళలేదు.

నిన్న వేపుడు చేసింది. నేను తిన్నాను, చెప్పాను. ఆవిడ రెండు చెంచాలు తింది, మూడోదానికి ఆగిపోయింది. గరిటె నిండా తీసుకుని నా కంచం మీదికి తెచ్చింది. అక్కడే నిలిపింది.

"నువ్వు వద్దంటే వెయ్యను," అంది. కళ్ళనిండా నీళ్ళు. "నిజంగా. వద్దని చెప్పు."

ఆవిడ కంచంలో మూడో చెంచా అలాగే ఉంది. దానివంక చూశాను.

"వెయ్యి వదినా," అన్నాను.