ముసలిదానికి పోసిన ఆయిల్

ముసలిది అంటే మనిషి కాదు, మోటార్ సైకిల్. తండ్రి హయాం నాటిది, గాలికి చల్లబడే ఇంజిన్. దానికి నీళ్ళూ లేవు, రేడియేటరూ లేదు. ఒంట్లో వేడి దించుకోవడానికి ఎదురుగాలి ఒకటి, లోపలున్న ఆయిల్ ఒకటి, ఆ రెండే దిక్కు. లోకంలో మోటార్ సైకిళ్ళన్నీ రోడ్డు మీద తిరుగుతాయి, ఇది గోడ మీద తిరుగుతుంది. ఎగ్జిబిషన్ మైదానంలో చెక్కపలకలతో నిలువునా బావి కట్టి, పైన చుట్టూ నిలబడి జనం తొంగి చూస్తుంటే, ఆ బావి గోడ మీద బండి నడిపే కుటుంబం వాళ్ళది. బయట బోర్డు మీద ఎర్ర రంగుతో మృత్యుకూపం అని రాసుంటుంది. ఇంట్లో మాత్రం అందరూ బావి అనే అంటారు. రోజూ తిండి పెట్టేదాన్ని మృత్యువని ఎవరు పిలుచుకుంటారు చెప్పండి!

కుటుంబమంటే ఎంతో లేదు, ముగ్గురే. బండి నడిపేది తమ్ముడు. బండిని బతికించేది అక్క. అక్క మొగుడు మైకు పట్టుకుని జనాన్ని పోగేస్తాడు, అందుకని మైదానంలో పెద్దా చిన్నా అందరికీ ఆయన మైకు బావే.

"రండి బాబూ రండి! మా బావమరిదికి నేల మీద సరిగ్గా నడవడం రాదు, అందుకే గోడెక్కాడు! పిల్లనిచ్చేవాళ్ళెవరైనా ఉంటే దిగాక మాట్లాడుకుందాం!" అని ఆయన అరుస్తుంటే, విన్నవాళ్ళు నవ్వుకుంటూ మెట్లెక్కేవాళ్ళు.

అక్కాతమ్ముళ్ళకు ఈ పని తండ్రి నేర్పాడు. నేర్పినవాడు పోయాడు గాని ఆయన పెట్టిన కట్టుబాట్లు రెండు మిగిలాయి. గోడ మీదున్నవాణ్ణి ఎవరూ పిలవకూడదు. పిలిస్తే తల తిప్పుతాడు, తల తిప్పితే కళ్ళు తిరుగుతాయి, కళ్ళు తిరిగితే ఇంక చెప్పేదేముంది. ఇక రెండోది, అనుమానంతో ఎక్కినవాడు దిగడు. అందుకే బండి నడిపేవాడు ఇంజిన్ మీద చెయ్యి వెయ్యకూడదన్నాడు ఆయన. చేయి వేస్తే ఏదో ఒకటి కనబడుతుంది, కనబడింది మనసులో గుచ్చుకుంటుంది. చూడడం ఒకరి పని, నమ్మడం ఇంకొకరి పని.

తమ్ముడు ఆ మాట జవదాటలేదు. ముసలిదాని ఆయిల్ మూత ఎటు తిరుగుతుందో కూడా వాడికి తెలియదంటే నమ్మండి. ఆట మొదలయ్యే ముందు ఒక్కటే అడుగుతాడు.

"అదేనా అక్కా?"

అంటే, నాన్న పోసే రకం ఆయిలేనా అని.

"అదే. ఎక్కు," అంటుంది అక్క. అంతే, వాడు ఎక్కేస్తాడు.

చిక్కల్లా ఈ ఊళ్ళో వచ్చిపడింది. ముసలిదాని కడుపులో ఉన్న ఆయిల్ ఎండలకి, తిరుగుడికి మాడి తారులా నల్లబడింది, కానీ తారులో ఉండే చిక్కదనం మాత్రం లేదు. ఆయిల్ చూసే పుల్ల ముంచి తీస్తే నీళ్ళలా కారిపోతోంది. మార్చకపోతే ఇంజిన్ పట్టేస్తుంది. గోడ మీద ఇంజిన్ పట్టేస్తే తమ్ముడు లేడు. తండ్రి వాడిన రకం కోసం అక్క ఊళ్ళో ఆయిల్ షాపులన్నీ తిరిగింది. ఆ రకం తయారు చెయ్యడమే మానేశారని ఒకడు, పక్క ఊళ్ళో దొరుకుతుందేమో చూడమని ఇంకొకడు. పక్క ఊరికి పోయి వచ్చేసరికి సాయంత్రం ఆటలు పోతాయి. సెలవురోజు, మైదానం నిండా జనం.

చివరి షాపువాడు మెరిసిపోయే డబ్బా ఒకటి ముందు పెట్టాడు.

"ఇది పొయ్యండి అక్కయ్యగారూ. పెద్ద పెద్ద కార్లలో పోసేది. మీ బండి పెట్టి పుట్టిందనుకోండి."

అక్క తెలివితక్కువది కాదు. డబ్బా మీద చిక్కదనం అంకెలు చూసింది. సరిగ్గా ఉన్నాయి. పల్చటి ఆయిలైతే ముసలిదాని పాత సీళ్ళలోంచి జల్లెడలో నీళ్ళలా కారిపోతుందని ఆమెకు తెలుసు, ఇది పల్చన కాదు. వేడికి తట్టుకుంటుందని కూడా రాసుంది. ఒక చుక్క తీసి వేళ్ళ మధ్య రాసి చూసింది. అబ్బ, ఎంత నునుపు! వేలు మీద వేలు నిలవడం లేదు. ఇంత మంచిది నాన్న జన్మలో చూసి ఉండడనుకుంది. తప్పక తీసుకున్నదే గాని, తీసుకుంటుంటే కాస్త సంబరపడింది కూడా.

తమ్ముడికి చెప్పాలా? చెప్తే ఏమవుతుంది, వాడి మనసులో ముల్లు దిగుతుంది. అనుమానంతో ఎక్కినవాడు దిగడు. కాబట్టి డేరా వెనక్కి పోయి, కొత్త డబ్బాలోంచి ఆయిల్‌ని నాన్న నాటి సొట్టల డబ్బాలోకి వంపింది. ఆ సొట్టల డబ్బాతోనే తమ్ముడి కళ్ళ ముందు ముసలిదానికి పోసింది. మైదానంలో రెండు చుట్లు తిప్పించింది. గుర్రుమంటూ హాయిగా తిరిగింది.

"అదేనా అక్కా?"

"అదే. ఎక్కు."

నోట్లోంచి మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందో!

తమ్ముడు బావిలోకి బండి తీసుకెళ్ళాడు. అక్క చిన్న తలుపు మూసి బయటి నుంచి గడియ పెట్టింది. ఆ తలుపు బావి అడుగున, నేలకీ గోడకీ మధ్య ఉండే ఏటవాలు పలకల్లోనే కలిసి ఉంటుంది. గడియ బయటే, లోపల లేదు. గడియ వెయ్యకపోతే బండి కిందికి వచ్చేటప్పుడు చక్రం ఆ సందులో పడుతుంది. ఆట అయ్యేదాకా అక్క ఆ తలుపు దగ్గరే కూచుని చెవి చెక్కకు ఆనిస్తుంది. ఆమె బండిని కళ్ళతో చూడదు, చెవితోనే చూస్తుంది. ఇంజిన్ మోత ఒకటి, చక్రం కింద పలకలు టకటకలాడే చప్పుడు ఒకటి. రెండూ కలిసి పెరగాలి, కలిసి తగ్గాలి.

తమ్ముడు ఏటవాలు ఎక్కాడు. నిలువు గోడ అందుకున్నాడు. పైన జనం హోరెత్తిపోయారు. అంచు దగ్గర ఎర్ర గీత దాకా పోయి, ఒక చెయ్యి వదిలేశాడు. చప్పట్లే చప్పట్లు.

కాసేపటికి ఇంజిన్ మోత పెరిగింది. పలకల చప్పుడు పెరగలేదు.

అక్క చెవి తీసి మళ్ళీ ఆనించింది. ఇంజిన్ గొంతు చించుకుంటోంది. పలకలు మాత్రం నిదానిస్తున్నాయి. లోపల ఇంజిన్ పరుగెడుతోంది, చక్రం పరుగెట్టడం లేదు. రెంటికీ మధ్య ఏదో జారిపోతోంది.

క్లచ్!

ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. కారులో క్లచ్ విడిగా, పొడిగా ఉంటుంది. దానికి ఇంజిన్ ఆయిల్ తగలదు. ముసలిదానిలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. ఆ ప్లేట్లు ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటేనే చక్రం తిరుగుతుంది. వేలు మీద వేలు నిలవనివ్వని నునుపు! కార్ల కోసం కలిపిన జారుడు మందు! ఆ సంగతి ఆమెకు తెలియదా? నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. వేడి, చిక్కదనం, కారడం అంటూ లెక్కలన్నీ చూసి, అసలుదాన్నే మరిచిపోయింది. మాయదారి బుర్ర! ఏ నునుపు చూసి సంబరపడిందో ఆ నునుపే తమ్ముణ్ణి కిందికి లాగుతోంది.

గబగబా మెట్లెక్కి పై అంచుకు పోదామనుకుంది. పోయి ఏం చేస్తుంది? పైన అందరూ చేతులూపేవాళ్ళే, వాడు అటు చూడనే చూడడు. పిలవడానికి లేదు. మోత ఇంకా పెరిగింది. మాడిన వాసన పలకల సందుల్లోంచి బయటికి వచ్చింది. వాడు జారుతున్నకొద్దీ ఇంకా రేజ్ ఇస్తున్నాడు. అది తగని పని! పిండేకొద్దీ ఆ ప్లేట్లు జారతాయి, వదిలితేనే కరుచుకుంటాయి. కానీ గోడ మీదున్నవాడికి వదలమని ఎవరు చెప్తారు? వదిలితే పడతామన్నదే కదా వాడి ఒంట్లో ఉన్న భయం!

అక్క గడియ లాగింది.

"ఎక్కడికే?" అన్నాడు తలుపు పక్కనే నిలబడ్డ మైకు బావ. మైకు ఆపలేదు. ఆ మాట మైదానమంతా వినబడింది. జనం నవ్వారు.

"నేను లోపలికి పోగానే గడియ పెట్టు."

"నీకు పిచ్చా వెర్రా? వాడు పైనుంటే..."

"గడియ పెట్టవయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటా!"

పెళ్ళాం మొహం చూశాక ఆయన మైకు కింద పడేశాడు. ఆమె వెనక గడియ పడిన చప్పుడు వినబడింది.

బావి అడుగున నిలబడితే లోకమంతా గిర్రున తిరుగుతున్నట్టుంటుంది. తమ్ముడు ఎర్ర గీత నుంచి మనిషెత్తు కిందికి జారిపోయాడు. ఒక్కో చుట్టుకూ ఇంకాస్త. పైన జనం అదంతా విద్యేననుకుని ఈలలు వేస్తున్నారు. వాడు పడితే తన నెత్తినే పడతాడు. పడనీ, అనుకుంది. అలాగైనా కింద మెత్తగా ఉంటుంది.

నట్టనడుమ నిలబడి, వాడితో పాటు తానూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. కుడి చెయ్యి చాపి, అరచెయ్యి కిందికి పెట్టి, గాలిని మెల్లగా నొక్కింది. తగ్గించు. తగ్గించు. చిన్నప్పుడు వాడికి ఈ ఏటవాలు పలకల మీదే సైకిల్ నేర్పింది ఆమె. అప్పుడూ ఇలాగే నడుమ నిలబడి, ఇలాగే చేత్తో చెప్పేది. వాడికి గుర్తుందో లేదో. ఆట జరిగేటప్పుడు ఖాళీగా ఉండాల్సిన చోట మనిషి నిలబడితే కంటికొసనైనా ఆనకపోతుందా?

ఆనింది. వాడి కళ్ళు ఒక్క క్షణం కిందికి వచ్చాయి. ఆ కళ్ళల్లో ఇంత భయం ఆమె ఎన్నడూ చూడలేదు. కుదరదని ఆ కళ్ళతోనే అన్నాడు. ఆమె మళ్ళీ నొక్కింది. తగ్గించరా, నన్ను నమ్మరా. ఏ మొహం పెట్టుకుని నమ్మమంటోందో ఆమెకే తెలియదు. కళ్ళు తిరుగుతున్నాయి, చెయ్యి మాత్రం దించలేదు.

వాడు రేజ్ వదిలాడు.

గొంతు చించుకుంటున్న ఇంజిన్ ఒక్కసారి తగ్గింది. బండి కుదుపుతో కిందికి తూలింది. ఆ వెంటనే లోపల ప్లేట్లు కరుచుకున్నాయి. మోతా, పలకల చప్పుడూ ఒకటయ్యాయి. చుట్టు మీద చుట్టు దిగుతూ వచ్చాడు. నిలువు గోడ, ఏటవాలు కలిసే చోట మాత్రం క్లచ్ మళ్ళీ జారింది. బండి పక్కకు పడిపోయి, పలకల మీద బరబరా గీసుకుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర ఆగింది. తమ్ముడు దాని వెనకే దొర్లుకుంటూ వచ్చాడు. మోచెయ్యి చర్మం లేచిపోయింది. బతికున్నాడు.

జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

అక్క వాడి పక్కన కూలబడింది.

"అది కాదురా. నాన్న పోసింది కాదు. కార్లకి పోసేది పోశాను. నీకు అనుమానం రాకూడదని అదేనన్నాను. కొట్టరా నన్ను."

వాడు మోచేతి మీద రక్తం కేసి చూసుకుంటూ కూచున్నాడు.

"బండి జారుతోందని మొదట్లోనే తెలిసిందక్కా," అన్నాడు చివరికి. "నువ్వు పోసిన ఆయిల్ తప్పెందుకవుతుంది, బండి తప్పెందుకవుతుంది అనుకున్నా. నా చెయ్యే వణుకుతోంది, నాకే పిరికితనం వచ్చింది అనుకున్నా. అందుకే ఇంకా పిండాను. నువ్వు అదేనన్నావు కదా."

అక్కకు ఏడుపు కూడా రాలేదు. వాడు కొట్టినా బాగుండేది.

ఆ రోజు ఇంక ఆట లేదని మైకు బావ ప్రకటించాడు. ఒక్క జోకు కూడా వెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే పక్క ఊరికి పోయి, క్లచ్ ఆయిల్లో మునిగి ఉండే బండ్లకు పనికొచ్చేదేనని డబ్బా మీద రాసున్న మోటార్ సైకిల్ ఆయిల్ తెచ్చాడు. నాన్న రకం కాదు, ఆ రకం ఇంక దొరకదు. అక్క ముసలిదాని కడుపు ఖాళీ చేసి, ప్లేట్లు ఒక్కొక్కటీ తీసి పెట్రోల్‌తో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బిగించింది. కొత్త ఆయిల్ కొత్త డబ్బాలోంచే పోసింది. సొట్టల డబ్బాను డేరా వెనక బోర్లించేసింది.

సాయంత్రం జనం వచ్చారు. తమ్ముడు మోచేతికి కట్టు కట్టుకుని బండి దగ్గరికి వచ్చాడు. వాడు అదేనా అని అడుగుతాడు, ఈసారి ఏ ఆయిల్ పోసిందో అంతా చెప్పెయ్యాలని అక్క నాలుక చివర మాటలు పేర్చుకుని ఉంది.

వాడు అడగలేదు. వంగి, ఆయిల్ మూత ఎటు తిప్పాలో తెలియక ముందు అటు తిప్పి, తర్వాత ఇటు తిప్పి, తీశాడు. పుల్లను ప్యాంటుకు తుడిచి, ముంచి, వెలుతురుకు ఎత్తి చూశాడు. ఒక చుక్క వేళ్ళ మధ్య రాసుకున్నాడు. ఎలా ఉండాలో వాడికి తెలియదు, అయినా రాసి చూసుకున్నాడు. మూత బిగించాడు.

"వస్తానక్కా," అన్నాడు.

"జాగ్రత్త," అంది అక్క. ఆ మాట వాడితో ఆమె ఇదివరకెప్పుడూ అనలేదు.

తలుపు మూసి గడియ పెట్టింది. చెవి చెక్కకు ఆనించింది. లోపల ముసలిది గుర్రుమంది, పలకలు టకటకలాడడం మొదలుపెట్టాయి. అనుమానంతో ఎక్కినవాడు దిగడని నాన్న అనేవాడు. నాన్న మాట ఈ ఒక్కసారికి తప్పైపోవాలని అక్క కళ్ళు గట్టిగా మూసుకుని కోరుకుంది.