అయిదో అంతస్తుకు వచ్చే బాయి గాలి

ఖాజాగూడ చెరువు వైపు కిటికీలున్న ఆ అద్దాల భవనంలో, అయిదో అంతస్తు వాళ్లు పొద్దున రాగానే ముందు కుర్చీలు తుడుచుకుంటారు. సీతాబాయి అప్పటికే ఒకసారి ఊడ్చి ఉంటుంది. అయినా బొగ్గు పొడి పడుతూనే ఉంటుంది. గోదావరి పక్కనున్న ఒక బొగ్గు బాయిలో గ్యాస్ ఎంతుందో కనిపెట్టి చెప్పే పని ఆ కంపెనీది. బాయి లోపలి సెన్సార్లకూ ఇక్కడి కంప్యూటర్లకూ లైను కలిపిన రోజు నుంచి, అక్కడి లెక్కలతో పాటు అక్కడి గాలి కూడా ఏసీ గొట్టాల్లోంచి రావడం మొదలైంది. తడి రాయి వాసన, మనుషుల చెమట వాసన. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. తెల్ల చొక్కాలు మానేశారు, టిఫిన్ డబ్బాలకు మూతలు గట్టిగా పెట్టుకుంటారు, అంతే.

అక్కడే పనిచేసే భవానికి మాత్రం అది పుట్టింటి గాలి. ఆమె నాన్న ఆ బాయిలోనే సర్దారుగా చేసి రిటైరయ్యాడు. దీపం పట్టుకుని మూలమూలా గ్యాస్ చూడటం ఆయన పని. ఇప్పుడు తమ్ముడు వేణు అదే బాయి దిగుతున్నాడు. ఏసీ గొట్టంలోంచి గాలి జోరుగా వీస్తుంటే, లోపల గ్యాస్ ఎక్కడా నిలవకుండా కొట్టుకుపోతోందని ఆమెకు ధైర్యం.

ఆమెకు మనశ్శాంతి లేకుండా చేసింది సగటు.

గ్యాస్ హద్దు దాటగానే సిస్టమే బాయిలో కరెంటు తీసేయాలి. ఒక్క నిప్పురవ్వ కూడా పుట్టకూడదు, మనుషులు పైకి రావాలి. ఇదంతా పెట్టింది అందుకే. కానీ కరెంటు పోతే బొగ్గు ఆగుతుంది, బొగ్గు ఆగితే క్లయింటు ఫోన్‌లో అరుస్తాడు. అందుకని మేనేజరు రవికిరణ్ ఒక తెలివైన పని చేశాడు. ఏ నిమిషానికి ఆ నిమిషం కాకుండా అరగంట సగటు చూపించమన్నాడు, అది హద్దు దాటితేనే కరెంటు తీసేయమన్నాడు. ఆ అరగంటలో అయిదు నిమిషాలు చావు కమ్ముకున్నా సగటు బాగానే ఉంటుంది, తెర పచ్చగానే ఉంటుంది. గ్యాస్ సగటు చూసుకుని పేలుతుందా? భవాని ఇదే మాట మెయిల్ రాస్తే "నోటెడ్" అని ఒక్క ముక్క జవాబొచ్చింది. ఆ ముక్క కొట్టిన వేళ్లను ఏం చేయాలి!

ఆ శుక్రవారం టీంలోని ఆమని పుట్టినరోజు. హాలు మధ్య బల్ల మీద కేకు, దాని మీద చిన్న కొవ్వొత్తి, పక్కన చిచ్చుబుడ్డిలా నిప్పులు చిమ్మే పెద్ద క్యాండిలు. భోజనాలైనప్పటి నుంచీ సన్నబడుతూ వచ్చిన గొట్టంలోని గాలి అప్పటికి పూర్తిగా ఆగిపోయింది. భవాని బాయి ఆఫీసుకు ఫోన్ చేసింది.

"మీ తెర మీద పచ్చగనే ఉంది గద మేడమ్. మాకు గూడ గదే కనవడ్తది. ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు అక్కడి మనిషి.

బాయిలోకి సెల్‌ఫోన్లు తీసుకుపోనివ్వరు. లోపలున్న వేణుతో మాట్లాడే దారి లేదు.

ఈలోగా ఎవరో కొవ్వొత్తి వెలిగించారు. మంట మీద లేత నీలి రంగు టోపీ ఒకటి లేచి నిలబడింది. భవాని ఉరికొచ్చి రెండు వేళ్లతో వత్తి నలిపేసింది.

"అయ్యో, అదేంటండీ!" అంది ఆమని.

"ఆ నీలిది చూసినవా? గట్ల టోపీ లేస్తే గ్యాస్ ఉన్నట్టు. మా నాయిన జిందగీ అంత గదే చూసిండు. ఆడి గాలే గద ఈడున్నది. పేలేంత ఇంక కాలే. కాని ఎక్కుతున్నది."

రవికిరణ్ ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. "అందరూ మెట్ల వైపు వెళ్లిపోండి! లైటర్ ఎవరూ ముట్టుకోవద్దు! స్విచ్‌లు కూడా వేయకండి!" అని అరిచాడు. జనం ల్యాప్‌టాప్ సంచులు లాక్కుని కదిలారు.

భవాని కదల్లేదు. "బాయిల కరెంటు తియ్యుండ్రి సార్. ఆ బటన్ మీ లాగిన్‌లనే ఉంది."

"ముందు మనం బయటపడదామండి. అక్కడ గ్రీనే చూపిస్తోంది. ఊరికే ఆపామంటే సోమవారానికి కాంట్రాక్టు ఉండదు."

ఆ మాటతో ఆమెకు ఒళ్లు మండిపోయింది. బల్ల మీది పెద్ద క్యాండిలూ లైటరూ తీసి ఆయన చేతుల్లో కుక్కింది.

"గ్రీనే ఉంది గద. అంటియ్యుండ్రి."

"మీకేమన్నా పిచ్చా?"

"మీ దాంక వస్తే సగటు యాదికి రాలేదేంది సార్? అరగంట ఆగి చూద్దామనలేదేంది? మీరు ఉరుకుతున్నరు. ఆడ మా తమ్ముడు ఇదే గాలిల మిషన్ నడుపుతున్నడు. అంటియ్యుండ్రి. లేకుంటే ఆపుండ్రి."

మెట్ల దగ్గరికి వెళ్లినవాళ్లు ఆగి చూస్తున్నారు. రవికిరణ్ తెర వంక చూశాడు. పచ్చగా ఉంది. ఇన్నాళ్లూ పరాయి ప్రాణాల మీద అంత ధైర్యం చేసిన మనిషికి, తన బొటనవేలు కదపడానికి ధైర్యం చాలలేదు. రెండూ బల్ల మీద పడేసి, కుర్చీలో కూలబడి, లాగిన్ అయి బటన్ నొక్కాడు.

పైకి వచ్చాక వేణు ఫోన్ చేశాడు. "అక్కా, కరెంటు పోయింది, అందరం పైకొచ్చినం. మా కాడ గాలి పంపే గొట్టం ఊడిపడ్డదట. గ్యాస్ నిండిపోయిందంటున్నడు సర్దార్. మిషన్ ఇంకొంచెం సేపు నడిస్తే మేం ఖతమేనట."

"నోర్మూసుకొని ఇంటికి పో," అని తిట్టింది భవాని. ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఇట్లాంటి అరగంటలు ఇంతకుముందు ఎన్ని గడిచాయో అనుకుంటే ఇంకా వచ్చింది.

సోమవారం రవికిరణ్ ఆమెను గదిలోకి పిలిచి థాంక్స్ చెప్పాడు. టీ తెప్పించాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"క్లయింట్ గొడవ చేస్తున్నారండి. మొన్న తీసేసిన సగటు మళ్లీ పెట్టేద్దాం. ఈసారి పావుగంటే."

భవాని టీ ముట్టుకోలేదు. బయటికి వెళ్లి, ఆ క్యాండిలు తెచ్చి ఆయన కీబోర్డు మీద పెట్టింది. పక్కన లైటరు పెట్టింది.

"పెట్టుండ్రి సార్. పెట్టే ముందట ఇది అంటియ్యుండ్రి. రోజూ."

పైన గొట్టంలోంచి బాయి గాలి జోరుగానే వీస్తోంది. అయినా రవికిరణ్ ఆ క్యాండిలు అంటించలేదు. సగటూ పెట్టలేదు. ఆ మధ్యాహ్నం వేణు మళ్లీ బాయి దిగాడు.