గితెల్ బామ్మ కొత్త ప్రార్థన

బ్యూనస్ ఎయిర్స్‌లోని యూదుల సంఘం ఏటా ఏప్రిల్‌లో జరిపే సంస్మరణ సభలో గితెల్ చేత ఒక శోకగీతం పాడించడం రివాజు. నాజీల చేతుల్లోంచి బతికి బయటపడ్డ ముసలివాళ్లలో ఇంకా గొంతు నిలిచింది ఆవిడకే. ఆవిడ పాడాలి, జనం ఏడవాలి, తర్వాత కాఫీ, తేనె కేకు. ఈ వరస గితెల్‌కి మొహం మొత్తింది.

ఈసారి పాటబృందాన్ని నడిపే మిర్తాతో, "ఆ పాటే ఎన్నేళ్లని పాడనే తల్లీ? మా చెల్లెలు మాల్కా పాడేది ఒకటుంది, అది పాడతా" అంది.

"ప్రార్థనా బామ్మా?"

"ఆఁ, తిండి కోసం" అంది గితెల్ మొహం అమాయకంగా పెట్టి.

మిర్తా ఈడువాళ్లకి స్పానిష్ తప్ప పెద్దవాళ్ల యిద్దిష్ భాష రాదు. సభలో మిర్తా "అందరూ లేచి నిలబడండి" అంది. జనం తలలు వంచుకున్నారు. గితెల్ కళ్లు మూసుకుని, గొంతు వణికిస్తూ, సాగదీసి అందుకుంది:

"గరిటె అడుగుదాకా ముంచవోయ్ పొట్టయ్యా,
నీళ్లే పోశావంటే నీ లాగు ఊడిపోనయ్యా!"

ముందు వరసలో ఉన్న దర్జీ ఫైవెల్ ఉలిక్కిపడ్డాడు. ఆయనదీ పోలండ్‌లో గితెల్ పుట్టిన లోజ్ నగరమే. రెండో చరణంలో ఆ లాగు నిజంగానే ఊడిపోయింది. ముసలివాళ్ల భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. రుమాళ్లు నోళ్లలో కుక్కుకున్నారు. పాపం, వెక్కివెక్కి ఏడుస్తున్నారనుకుని కుర్రకారు మంచినీళ్లు పట్టుకుని పరిగెత్తింది. చివరికి ఫైవెల్ ఆపుకోలేక పకపకా నవ్వేశాడు.

సంగతి తెలిసి మిర్తా మొహం మాడిపోయింది. "ఇవాళా బామ్మా, మీ వేళాకోళం?"

"నాజీలు మమ్మల్ని కుక్కిన గెట్టోలో చారు పోసేవాడి మీద మాల్కా కట్టిన పాటే ఇది. వాడికి నచ్చినవాళ్లకి అడుగునున్న దుంపలు, మాకు పైనున్న నీళ్లు. వరసలో నిలబడి పాడేది. ఆకలికి సోలిపోతున్నవాళ్లు కూడా నవ్వేవాళ్లు. పందొమ్మిదేళ్లకే దాన్ని చావు శిబిరానికి రైలెక్కించారు. దానికోసం ఏడ్చేవాళ్లు ఏటా వస్తున్నారు. దాని మాటకి మళ్లీ ఎవరైనా నవ్వితే చూడాలనిపించింది."

మిర్తా కళ్లు తుడుచుకుంది. "పాట నడక ఇంత నెమ్మదేనా?" అంది.

"నీ మొహం! చప్పట్లు కొడుతూ గెంతాలి."

"అయితే మాకు నేర్పండి."

"మూడో చరణం మాత్రం వద్దు! పసిపిల్లలున్నారు" అన్నాడు ఫైవెల్ గాభరాగా.

"అయితే దాంతోనే మొదలుపెడదాం" అని గితెల్ చప్పట్లు అందుకుంది.