నిలబడి తాగే టీ

పొద్దున్నుంచి ఇది ఎన్నోసారో. మెడ వెనక నిప్పు రాజుకున్నట్టయి సెగ ముఖమంతా పాకింది. పెద్దమ్మ ఇస్త్రీ యంత్రం మూత ఎత్తి, చెమట దుప్పటి మీద పడకుండా మోచేత్తో నుదురు తుడుచుకుంది. లాండ్రీలో అందరికీ ఆమె పెద్దమ్మే. కిటికీలు తెరవరు. హోటళ్లకు వెళ్లే తెల్ల దుప్పట్ల మీద దుమ్ము పడుతుందట.

"ఆవిరి మిషన్‌ది కాదే, మా పెద్దమ్మదే!" మడతల బల్ల దగ్గర ఎవరో అన్నారు. అందరితో పాటు ఆమె కూడా నవ్వింది.

ఇక్కడ భోజనానికి విరామం లేదు. బదులుగా యజమాని టీ పంపిస్తాడు. ఎన్నిసార్లయినా ఉచితం, చెంచా నిలబడేంత చక్కెర. యంత్రం ఆపకుండా నిలబడే తాగాలి. నెలసరి ఆగాక పొట్ట పెరుగుతోందని పెద్దమ్మ పగటి తిండి మానేసింది. ఆకలేస్తే టీ, నీరసమొస్తే టీ. పొట్ట మాత్రం తగ్గలేదు. నిన్న కోడలు క్లినిక్‌కు లాక్కుపోతే రక్తంలో చక్కెర ఎక్కువని తేలింది.

"తిండే తినట్లేదు, చక్కెరెక్కణ్ణించొచ్చింది?" అని నర్సుతో పోట్లాటకే దిగింది.

"నెలసరి ఆగాక ఒంట్లో మార్పొస్తుందమ్మా. కొవ్వు నడుం చుట్టూ చేరుతుంది. చక్కెరను ఒళ్లు మునుపటిలా వాడుకోలేదు. నిద్రా సరిగా పట్టదు. అది మీ తప్పు కాదు. కానీ ఆ టీలు మానండి. వేళకు కూర్చుని తినండి."

"కూర్చునా!" అంది పెద్దమ్మ, ఎవరో విందుకు పిలిచినట్టు.

ఇవాళ టీ పళ్లెం వచ్చింది. "నాకొద్దు," అంది.

మడతల బల్ల దగ్గర పనిచేసే కోడలు చిన్న అన్నం డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఆవిరి గొట్టం పక్కన పెట్టానత్తయ్యా. ఇంకా వెచ్చగానే ఉంది, చూడు!" ఆ పిల్ల కళ్లు మెరుస్తున్నాయి.

పెద్దమ్మ చేయి స్విచ్ మీద ఆగింది. కిందటి నెల కళ్లు తిరిగి కూలబడినామెను మర్నాటి నుంచి రావద్దన్నారు. పెద్దమ్మ పని పోతే ఇంటద్దె కట్టేదెవరు?

స్విచ్ ఆపింది. బట్టల బుట్ట బోర్లించి, దాని మీద కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకుంది.

సూపర్‌వైజర్ కోపంతో ఊగిపోతూ వచ్చాడు. "ఏంటిది పెద్దమ్మా? లే ముందు!"

"నమలనీ బాబూ. మింగాక మాట్లాడతా."

అతను నోరు తెరిచేలోపు వెనక ఇంకో యంత్రం చప్పుడు ఆగిపోయింది. ఎవరాపారో చూద్దామని గిర్రున తిరిగాడు.