ముట్టుకోకూడని వరుస

ట్యాంకు మీద అంకె నాలుగు డిగ్రీలని నిక్షేపంగా వెలుగుతోంది. లోపల పాలు మాత్రం విరిగి ఏడుస్తున్నాయి. కప్సబెట్ ఊరి పాలసంఘం అధ్యక్షురాలు తప్రందిచ్ గరిటెతో ఒక గడ్డ తీసి, ట్యాంకు బాగోగులు చూసే జెబిచీ ముక్కు దగ్గర పెట్టింది.

"నాలుగంట నాలుగు! వాసన చూడవే!"

సాయంత్రం పాలు వచ్చేలోగా బాగుచెయ్యకపోతే ట్యాంకు వెనక్కి పంపేస్తానంది. ట్యాంకు పోతే జెబిచీ ఉద్యోగమూ దాని వెంటే పోతుంది. ట్యాంకును నడిపే ప్రోగ్రాంని సీ భాషలో రాసింది ఆమె యజమాని లెలె. నిన్న ఆ రాతను శుభ్రం చేసింది మాత్రం జెబిచీ మహాతల్లే. అందులో వేడిని ఊరికే తెరమీద అచ్చువేసే ఒక వరుస కనిపించింది. పక్కన లెలె రాసుకున్నాడు: "దీన్ని ముట్టుకోకండి. ఎందుకో నాకూ తెలీదు." జెబిచీకి ఒళ్ళు మండి పీకేసింది.

ఫోన్ చేస్తే లెలె విరుచుకుపడ్డాడు. "ముట్టుకోవద్దని రాసి చచ్చాను కదా! మళ్ళీ పెట్టి తగలడు!"

"అదెందుకు పనిచేస్తోంది సార్?"

"నా గుండె ఎందుకు కొట్టుకుంటోందో నాకు తెలుసా? కొట్టుకుంటోంది, చాలదూ?"

వరుస తిరిగి పెట్టింది. అంకె ఒక్క గెంతున ఇరవై రెండుకెక్కింది, అలారం కుయ్యోమంది.

"ఆ వరుస ఏం చేస్తుందే?" అంది తప్రందిచ్.

"ఏమీ చెయ్యదు పెద్దమ్మా."

"ఏమీ చెయ్యనిది తీస్తే నా పాలు విరిగాయా?"

జెబిచీకి తల కొట్టేసినట్టయింది. అలారం ఆపి, ప్రోగ్రాం మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. టీ చల్లారిపోయింది, తప్రందిచ్ ఇంకోటి తెచ్చిపెట్టింది. అప్పుడు దొరికింది దొంగ.

"వేడి అంకెను దాచే ఒకే గిన్నెకి లెలె సార్ రెండు పేర్లు పెట్టాడు పెద్దమ్మా. ఒకటి పూర్ణసంఖ్యది, ఒకటి దశాంశానిది. మన రాతను చిప్పుకి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఉందే, వేరు రకాల పేర్లు ఒకే గిన్నెను చూపించవని దాని నమ్మకం. అందుకని ఒక పేరుతో కొత్త వేడి పోసినా, రెండో పేరుతో అడిగితే గిన్నెలోకి తొంగి చూడకుండా మొదట్లో చూసిన నాలుగే చెప్పింది."

"బద్ధకపు ముండ!"

"బద్ధకం కాదు. సీలో రాస్తున్నామంటేనే అలా రెండు పేర్లు పెట్టబోమని మాటిచ్చినట్టు. మాట తప్పింది మనమే. మధ్యలో అచ్చువేసే వరుస ఉంటే, బయటివాళ్ళెవరో గిన్నె కదిపారేమోనని భయపడి మళ్ళీ చూసేది."

రెండో పేరు కొట్టేసింది. గిన్నెలోని బైట్లను ఉన్నవున్నట్టు వేరే దశాంశపు గిన్నెలోకి నకలు చేయించింది. అచ్చు వరుస మళ్ళీ పీకేసి, వేడిని కొలిచే కడ్డీని తప్రందిచ్ తనకోసం అప్పుడే పోసుకున్న వేడి టీకప్పులో ముంచింది. అంకె అరవై దాటింది, అలారానికి షెడ్డు దద్దరిల్లింది.

"నా టీ!" అని అరిచింది తప్రందిచ్, పకపకా నవ్వుతూ.

లెలె మళ్ళీ ఫోన్ చేశాడు. విషయమంతా విన్నాడు. "శభాష్. అయినా ఆ వరుస కూడా ఉంచెయ్. జాగ్రత్తకి."

తప్రందిచ్ ఫోన్ లాక్కుంది. "లెలే, ఇన్నాళ్ళూ ఊరందరి పాలూ నీ 'ఎందుకో నాకూ తెలీదు' మీద పెట్టావా?"

ఆమె ఫోన్ జెబిచీకి ఇచ్చేసి, కడిగిన ట్యాంకు మూత తీసి, మొదటి క్యాను తన ఇంటి పాలే వంచింది.