పంచదార లేని ఇల్లు

నేను ఒక పంచదార డబ్బాని. ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది, ఇందులో చెప్పుకోవడానికేముందని మీరనుకోవచ్చు. నిజమే. నాలో పోసింది దాచిపెట్టడం, అడిగినప్పుడు ఇవ్వడం, అంతకుమించి నాకే విద్యా రాదు. ఆ ఒక్క పనీ ఒక మధ్యాహ్నం చెయ్యలేకపోయాను.

నేను పుట్టింది కాలువ గట్టున, మస్తాన్ అనే రేకుపనివాడి కొట్లో. అంతకుముందు నూనె డబ్బాని. అతను నన్ను కత్తిరించి, సుత్తితో సాపు చేసి, గుండ్రంగా వంచి మాటు వేశాడు. చేయించుకున్నది నాగరత్నం. ఆమె భర్త ఊళ్లోని చక్కెర మిల్లులో పనిచేస్తూ పోయాడు, కొడుకు నూకరాజు అదే మిల్లులో చేరాడు.

"మూత బిగువుగా ఉండాలి మస్తానూ. ఒక్క చీమ దూరిందంటే డబ్బా తెచ్చి నీ కొట్లోనే పారేస్తాను" అంది నాగరత్నం.

మస్తాన్‌కి పౌరుషం వచ్చింది. మూతని మూడుసార్లు విప్పి మూడుసార్లు చేశాడు. అది తీస్తే టప్పుమని వీధి అరుగు దాకా వినపడేది. చీమలు నా చుట్టూ తిరిగి తిరిగి విసుగెత్తి పోయేవి. నాకా మూతంటే ఎంత గర్వమో చెప్పలేను. దాన్ని చూసుకుని నేను మిగతా డబ్బాలతో సరిగ్గా మాట్లాడేదాన్ని కూడా కాదు.

ఆ మూతని చప్పుడు కాకుండా తీయగలిగింది ఒక్కరే. నూకరాజు కూతురు లోవశ్రీ. నాలుగేళ్లప్పుడే పీట ఎక్కి నన్ను గూట్లోంచి దింపి, ఒళ్లో పెట్టుకునేది. నాలుక కొస బయటపెట్టి, రెండు బొటనవేళ్లూ మూత అంచు కింద పెట్టి, కొంచెం ఇటు, కొంచెం అటు, ఊపిరి బిగబట్టి లేపేది. మస్తాన్ చూసి ఉంటే సిగ్గుపడేవాడు. నాగరత్నం అక్కడే మంచం మీద కళ్లు మూసుకుని గురక పెట్టేది. ఆవిడకి అసలు గురక లేదని నాకు తెలుసు. పిల్ల గుప్పెడు నోట్లో వేసుకుని వెళ్లిపోయాక లేచి, మూతి మీద చెయ్యి పెట్టుకుని నవ్వుకునేది. లోవశ్రీకి ఆరేళ్లప్పుడు ఆవిడ పోయింది.

ఎనిమిదో ఏట పిల్ల చెంబులకు చెంబులు నీళ్లు తాగడం మొదలుపెట్టింది. పక్క తడిపేసేది. బుగ్గలు లోపలికి పోయాయి. ఒకరోజు బడిలో పడిపోతే పట్నంలో పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లారు. షుగరు జబ్బు అన్నారు. బతికున్నన్నాళ్లూ రోజూ ఇంజెక్షను పొడుచుకోవాలన్నారు.

ఇంటికొచ్చిన రోజు వాళ్లు వంటింట్లో నిలబడి మాట్లాడుకోవడం విన్నాను. తీపి తినడం వల్ల వచ్చిన జబ్బు కాదని డాక్టరు ఎంత చెప్పినా వాళ్లు నమ్మలేదు. మనుషులకి కారణం కావాలి. పక్కనే దొరికితే దూరం పోరు. నూకరాజు నన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తన చేతులు చూసుకున్నాడు. మిల్లులో అతనిది సంచుల్లో పంచదార నింపి కుట్టే పని.

"ఈ చేతుల్తోనే తెచ్చి పోశానే దీని నోట్లో" అన్నాడు భార్య వీరవేణితో.

నన్ను కాలువ దాకా తీసుకెళ్లి బోర్లించాడు. ఆ తర్వాత వీరవేణి నన్ను వేణ్ణీళ్లతో కడిగి, ఎండబెట్టి, చోడిపిండి పోసింది. రాగులనే మా వైపు చోళ్లంటారు, ఆ పిండి మంచిదే. కానీ నాలో పోసిన రోజున నాకు చచ్చినంత పనైంది.

ఏం కొనాలో రాసుకునే ఇళ్లు చాలా ఉంటాయి. ఏం కొనకూడదో రాసుకున్న ఇల్లు నాకు తెలిసి ఇదొక్కటే. వీరవేణి పాత క్యాలెండరు కాగితం వెనక రాసి గోడకి అంటించింది. పంచదార, బెల్లం, బిస్కట్లు, జీళ్లు, రంగు డ్రింకులు, అరటిపళ్లు, మామిడిపళ్లు, సపోటాలు. చివర్లో తేనె అని రాసి, ఇంట్లో ఎప్పుడూ తేనె కొనలేదని గుర్తొచ్చినా కొట్టెయ్యలేదు. పిల్లకొద్దన్నవన్నీ వాళ్లూ మానేశారు. చప్పటి టీ తాగేవాళ్లు. నూకరాజు షిఫ్టు దిగి వచ్చి వీధిలోనే చొక్కా విప్పి దులిపేవాడు. జుట్టుకీ కనుబొమ్మలకీ అంటిన పంచదార పొడి కడుక్కుంటే గానీ గడప తొక్కేవాడు కాదు. సీజను చివర మిల్లు ఇచ్చే పాతిక కిలోల మూటని ఇంటికి తేకుండా అటునుంచి అటే పక్కింటి భూలక్ష్మికి ఇచ్చేసేవాడు. ప్రేమ అంటే ఇంతకన్నా ఏం చేస్తారు? నేనేమీ వాళ్లని తప్పుపట్టను.

ఆసుపత్రి నర్సు ఒకటి చెప్పింది. ఇంజెక్షను చేసుకుని సరిగ్గా తినకపోతే ఒంట్లో తీపి మరీ పడిపోతుంది, చేతులు వణికి చెమటలు పడితే వెంటనే మూడు చెంచాల పంచదార తినాలి, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది అని. దానికోసమే గ్లూకోజు పొట్లం కూడా ఇచ్చింది. లోవశ్రీ దాన్ని రెండు రోజుల్లో వేలితో అద్దుకుని నాకేసింది. ఎనిమిదేళ్ల పిల్ల, అప్పటికి నెలరోజులుగా తీపి మొహం చూడలేదు. ఆ రోజు పరీక్ష చేస్తే లెక్క ఎక్కడికో పోయింది. వీరవేణి పిల్లని కొట్టింది, కొట్టి తనే ఏడ్చింది. మళ్లీ గ్లూకోజు కొనలేదు. ఇంట్లో ఉంటే కదా తినేది అనుకుంది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. వీరవేణి మా వరుసలో ఉన్న పదకొండు ఇళ్లకీ, మూల మీద అప్పారావు కొట్టుకీ వెళ్లి, ఒక్కొక్కరి చేతా ప్రమాణం చేయించుకుంది. పిల్ల అడిగినా ఏడ్చినా తీపన్నది పెట్టకూడదని. భూలక్ష్మి అయితే అమ్మవారి పటం మీద చెయ్యేసి మరీ ఒట్టు పెట్టింది. ఆవిడకి పిల్లల్లేరు. లోవశ్రీ అంటే ప్రాణం.

ఇలా రెండేళ్లు గడిచాయి.

ఒంటిపూట బడులు మొదలైన రోజు అది. పొద్దున్నే వీరవేణి ఇంజెక్షను చేసి, చోడిజావ గ్లాసు చేతికిచ్చి, టైలరు కొట్టుకి వెళ్లిపోయింది. పెళ్లిళ్ల రోజులు, జాకెట్లు కుప్పగా ఉన్నాయి. మధ్యాహ్నం పిల్ల వచ్చేసరికి తనూ వచ్చి వేడిగా వండి పెడతానంది. లోవశ్రీ రెండు గుక్కలు తాగి, మిగతా జావని తూములో పోసి నీళ్లు కొట్టింది. గూట్లోంచి నేను చూశాను. రెండేళ్లుగా రోజూ అదే జావ. నాకే మొహం మొత్తింది, పిల్లని ఏమంటాను.

మధ్యాహ్నం ఎండలో నడిచి వచ్చింది. తల్లి ఇంకా రాలేదు. పుస్తకాల సంచి భుజాన్నుంచి తీయకుండానే పీట లాగి నన్ను దింపింది. చేతులు వణుకుతున్నాయి. మెడ వెంట చెమట కారుతోంది. నాలో ఏముందో ఆ పిల్లకి తెలుసు. తెలిసినా, కాళ్లూ చేతులూ తేలిపోతున్నప్పుడు పాత అలవాటే నడిపిస్తుంది కాబోలు. ఆ రోజు చప్పుడు గొడవ లేదు. మూత టప్పుమంది. గుప్పెడు నోట్లో వేసుకుంది. పచ్చి చోడిపిండి అంగిట్లో అతుక్కుని దగ్గింది. నా జన్మలో అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

పిండి నేల మీద బోర్లించేసి, నన్ను పట్టుకుని భూలక్ష్మి ఇంటికి వెళ్లింది. పొరుగింటికి పంచదార బదులుకి వెళ్లేటప్పుడు గిన్నో డబ్బానో తీసుకెళతారు కదా, అలాగే.

"అత్తా, పంచదార కావాలి. బేగా పెట్టు."

భూలక్ష్మి గుమ్మంలో చింతపండు పిక్కలు తీస్తోంది. నన్ను చూసింది, పిల్ల మూతి చుట్టూ ఉన్న పిండి చూసింది, నవ్వింది.

"ఏంటే, మళ్లీ దొంగేషాలా? మీ అమ్మకి ఒట్టేశాను కదమ్మా. నేను పెట్టను."

"నర్సమ్మ తినమంది. చేతులొణుకుతున్నాయి చూడు."

"పొద్దున్నుంచీ ఏం తినలేదేటి? ఉండు, మజ్జిగ ఇస్తాను. ఎండలో పడొచ్చావు, చెమటలు పట్టవా మరి."

ఉప్పేసిన మజ్జిగ తెచ్చింది. లోవశ్రీ గ్లాసు విసిరికొట్టింది. ఆ పిల్ల నోట ఎన్నడూ రాని మాట ఒకటి వచ్చింది, నేనది చెప్పను. ఒంట్లో తీపి పడిపోతే మనిషి మనిషిలా ఉండరని నర్సు చెప్పిందట. భూలక్ష్మికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఎంత మాటన్నావే నన్ను! రానీ మీ అమ్మని. నీ మంచికే కదే చెప్తా!" అని లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ తలుపు సందులోంచి నాకు వాసన తెలిసింది. మంచం కింద మూట. మిల్లు ముద్ర వేసి, నూకరాజు కుట్టిన మూట. నాకూ దానికీ మధ్య పది అడుగులు కూడా లేవు. నాకు నోరు లేనందుకు ఆ పూట ఏడ్చినంతగా మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు.

లోవశ్రీ అప్పారావు కొట్టు వైపు తిరిగింది. నాలుగు అడుగులు వేసి, మా అరుగు మీద కూర్చుంది. నన్ను ఒళ్లో పెట్టుకుంది. ఏదో గొణిగింది, "నాన్నమ్మా" అన్నట్టు వినిపించింది. తర్వాత ఒళ్లు బిగుసుకుపోయి కొట్టుకోవడం మొదలైంది. నేను జారి రాయి మీద పడ్డాను. ఇప్పటికీ నా పక్కన ఆ సొట్ట ఉంది. ఆ చప్పుడుకి ఎవరైనా బయటికి వస్తారేమోనని ఆశపడ్డాను. ఎండవేళ, తలుపులన్నీ వేసి ఉన్నాయి. వీరవేణి వచ్చేసరికి ముప్పావుగంట పైనే అయింది.

పిల్ల చావలేదు. ఇరవై రోజుల తర్వాత ఆటోలో తీసుకొచ్చారు. నూకరాజు ఎత్తుకుని దింపాడు. కుడిచెయ్యి స్వాధీనంలో లేదు, మాట లేదు. పిలిస్తే ఒక్కోసారి చూస్తుంది, ఒక్కోసారి చూడదు. మెదడుకి చాలాసేపు తీపి అందలేదని డాక్టర్లు చెప్పారట. మంచం మీద కూర్చోబెడితే సాయంత్రం దాకా గోడకి జేరబడి అలాగే కూర్చుంటుంది.

భూలక్ష్మి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాలేక, వెళ్లలేక నిలబడింది. వీరవేణే వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు నా మాటే నిలబెట్టావొదినా" అంది.

తిట్టినా ఆవిడ తట్టుకునేదేమో. ఆ మాట విని అక్కడే కూలబడింది.

ఆ సాయంత్రమే నూకరాజు పక్కింటి నుంచి మూట ఈడ్చుకొచ్చాడు. నన్ను దులిపి, అంచు దాకా పంచదార పోశాడు. పొంగి నేల మీద పడుతున్నా పోస్తూనే ఉన్నాడు. తర్వాత నా మూతని అరుగు మీద పెట్టి, రాయితో చితకబాది, కాలువలో విసిరేశాడు. మస్తాన్ మూడుసార్లు చేసిన మూత అది. నాకేమీ బాధ కలగలేదు. గోడ మీది కాగితం వీరవేణి చింపేసింది. నూకరాజు ఇప్పుడు చొక్కా దులుపుకోకుండానే లోపలికి వస్తాడు.

ఇప్పుడు నన్ను గూట్లో పెట్టడం లేదు. లోవశ్రీ మంచం పక్కన, ఆ పిల్ల ఎడమచేతికి అందేంత దూరంలో, స్టూలు మీద పెట్టారు. చీమలు వరసకట్టి దర్జాగా వచ్చి పోతున్నాయి. వీరవేణి వాటిని ఏరుతుంది గానీ కొత్త మూత మాత్రం తేదు.

మొన్న మధ్యాహ్నం ఒకటి జరిగింది. లోవశ్రీ చాలాసేపు నన్నే చూసింది. ఎడమచెయ్యి మెల్లగా జరిపి నా అంచు పట్టుకుంది. లోపలికి పెడితే చాలు, గుప్పెడు పంచదార చేతికొస్తుంది. పెట్టలేదు. నాలుక కొస బయటపెట్టింది. బొటనవేలు నా అంచు కింద పెట్టి, కొంచెం ఇటు, కొంచెం అటు, ఊపిరి బిగబట్టి, లేని మూతని చప్పుడు కాకుండా లేపుతోంది.

పొయ్యి దగ్గరున్న వీరవేణి అది చూసింది. చీరకొంగు కళ్లకి అద్దుకుని, అక్కడే గోడవైపు తిరిగి పడుకుంది. కళ్లు మూసుకుని, నిద్రపోతున్నట్టు, గురక పెట్టడం మొదలుపెట్టింది.