మైమూనా నోటి పరీక్ష

1979 వేసవిలో ఒక సాయంత్రం ధర్మవరం ప్యాసింజరు దిగి, మాబుసాబ్ తన కూతురు మైమూనాను వెంటబెట్టుకుని పెనుకొండలో మా ఇంటికి వచ్చాడు. నేను ధర్మవరం బళ్ళో పనిచేసినప్పుడు మైమూనా నా దగ్గరే చదువుకుంది. మరునాడు హిందూపురంలో, పసిపిల్లల బళ్ళలో పనిచేసే బాలసేవిక శిక్షణకు నోటి పరీక్ష. ముందే ఇచ్చిన ఇంగ్లీషు పేజీ ఒకటి పైకి చదవాలి.

"మగ్గం కాడ కూకోని గొంతు పోయేటట్టు చదువుతాండాది సారూ. సరిగుండాదో లేదో నాకేం తెలుసు? సీటు రాకుంటే ఇంగ ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టాల్సిందే," అన్నాడు మాబుసాబ్.

పేజీ నిండా పిల్లల గురించే. మా ఒక్కగానొక్క పాప గౌరి పోయి అప్పటికి ఏడాది కాలేదు. అలాంటి పాఠాలు నేను బళ్ళో పైకి చదవడం మానేశాను.

మైమూనా "చైల్డ్" అని సరిగానే అంది. తర్వాతి వాక్యంలో "చిల్డ్రన్" అనే మాట రాగానే "చైల్డ్" అని ఆగి, "రన్" అంది. మగ్గం దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులో మాట్లాడుకోవడం ఆ ఇంటి అలవాటు. అందుకే మాట విరిగి, మొదటి ముక్క వేరే మాటలా వస్తోంది.

"ఇక్కడ మగ్గం లేదమ్మా. ఒక్క ఊపిరిలో అను."

"మీరొకసారి అనండి సార్, వింటా."

వంటింట్లో నా భార్య తోముతున్న గిన్నెల చప్పుడు ఆగింది.

"చైల్డ్," అన్నాను. దవడ కిందికి దిగింది. "చిల్డ్రన్." ఈసారి దిగలేదు.

మైమూనా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని రెండూ అంది. "ఉమన్, విమెన్ కూడా ఇట్లే మారతాయి కదా సార్?"

"అవును. అక్కడా పలుకు మారుతుంది."

మాబుసాబ్ నవ్వాడు. "ఒకరైతే నోరు తెరవాల, శానామందైతే మూసుకోవాల. ఐదుమంది ఆడోళ్ళ మద్దెన నేను చేస్తాండేది అదే కదా!"

"ఊరుకో నాయనా!" అంది మైమూనా.

"మీకెంతమంది పిల్లోళ్ళు సారూ?"

"ఒక్క పాప, గౌరి. పోయిన వానల్లో జ్వరమొచ్చి పోయింది."

అతని నవ్వు ఆగిపోయింది. "ఎన్నేండ్లు సారూ?"

"ఐదు."

నా భార్య గుమ్మంలోకి వచ్చింది. "ఐదు నిండి ఆరు," అంది. మైమూనా పక్కన కూర్చుని, "ఏదీ, మళ్ళీ మొదట్నించి చదువు," అంది.

మర్నాడు హిందూపురం బండికి నలుగురమూ వెళ్ళాం. పరీక్ష గది కిటికీలోంచి మైమూనా గొంతు వినబడింది. ఎక్కడా విరగలేదు.

"సీటొస్తాదా సారూ?"

"వస్తుంది," అన్నాను.

"మాట్లాడకండి," అంది నా భార్య, కిటికీకి ఇంకా దగ్గరగా జరుగుతూ. "పేజీ అయిపోలేదు."